చక్రాల మీద కాపురం

దక్షిణ ఆస్ట్రేలియా దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టే చోట రోడ్డు మీద ఒక తనిఖీ కేంద్రం ఉంటుంది. అక్కడ బండి ఆపి వెతికేది సారా కోసమో దొంగ బంగారం కోసమో కాదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, సగం కొరికిన ఆపిల్, మూత తీసిన తేనె సీసా... ఇవీ అక్కడ పట్టుబడే సరుకులు. బయటి పురుగులూ తెగుళ్లూ తమ తోటల్లోకి రాకూడదని ఆ రాష్ట్రం పెట్టుకున్న కట్టడి అది. అధికారి కారవాన్‌లోకి ఎక్కి ఫ్రిజ్ తెరిపిస్తారు, అల్మరాలు చూస్తారు, అవసరమైతే మంచం కింద అరలు కూడా వదలరు. అందుకే ముందురోజు సాయంత్రం, సరిహద్దుకు తూర్పున కారవాన్లు ఎక్కడ ఆగి ఉన్నా అక్కడ మిగిలిన కూరగాయలన్నీ ఒకే గిన్నెలో పడి ఉడుకుతుంటాయి. వండేసిన కూరకు సాధారణంగా అడ్డు చెప్పరు. ఓ కారవాన్ ముందు ఆయన దుంపలు చెక్కు తీస్తుంటే, ఆవిడ పండ్లన్నీ ముందేసుకుని ఇవాళే అవగొట్టాలంటుంది. పక్క కారవాన్‌కి ఓ గిన్నెడు వెళ్తుంది, అక్కడా అదే కూర ఉడుకుతోందని తెలిసినా.

ఈ దారి పేరు ఎయిర్ హైవే. పోర్ట్ అగస్టా నుంచి నార్స్‌మన్ దాకా సుమారు 1,660 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద వెళ్తే ఎంతో, దాదాపు అంత. కాకపోతే ఢిల్లీ దారిలో నాగపూర్ తగులుతుంది, ఝాన్సీ తగులుతుంది, గ్వాలియర్ తగులుతుంది. ఇక్కడ సెడూనా అనే చిన్న తీరపట్టణం, ఆ తర్వాత పెనాంగ్ అనే పల్లె దాటితే మళ్లీ నార్స్‌మన్ దాకా, వెయ్యి కిలోమీటర్లకు పైగా, ఊరనదగ్గ ఊరు లేదు. ఉన్నవల్లా రోడ్‌హౌస్‌లు: పెట్రోలు బంకు, వంటిల్లు, నాలుగు గదులు, స్నానాల గది, కారవాన్లు నిలుపుకునే జాగా, అన్నీ ఒక్కచోటే.

దారికి ఉత్తరాన పరుచుకున్నది నల్లార్‌బోర్ మైదానం. ఒకప్పుడు సముద్రపు అడుగు. ఇప్పుడు సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి పలక, ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. పడిన కొద్దిపాటి వాన పైన నిలవదు, రాతి పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. అందుకే నదుల్లేవు, చెరువుల్లేవు, మైదానం నడుమ చెట్లూ లేవు. దక్షిణాన సముద్రం. కొన్ని చోట్ల రోడ్డు దిగి కాసేపు నడిస్తే భూమి కత్తితో కోసినట్టు తెగిపోయి, వంద మీటర్ల దిగువన దక్షిణ మహాసముద్రం కొండచరియను కొడుతూ కనిపిస్తుంది. ఎడారినీ సముద్రాన్నీ ఒకే రోజు, ఒకే కిటికీలోంచి చూడాలంటే ప్రపంచంలో ఇలాంటి రోడ్లు ఎక్కువ లేవు.

ఈ దారిన కారవాన్ లాక్కుపోయేవారిలో ఎక్కువమంది జంటలే. అందులోనూ ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవారు. వాళ్లను ఆస్ట్రేలియన్లు 'గ్రే నోమాడ్స్' అంటారు, అంటే జుట్టు నెరిసిన సంచారులు. పిల్లలు స్థిరపడ్డారు, పింఛను నిధి చేతికొచ్చింది, ఇల్లు అద్దెకిచ్చేశారు లేదా అమ్మేశారు. ఇక ఆర్నెల్లో ఏడాదో దేశం చుట్టి రావడమే పని. ఖండం చుట్టూ తిరిగే హైవే 1 పొడవు దాదాపు 14,500 కిలోమీటర్లు. దాన్నొక చుట్టు చుట్టడం వాళ్ల లెక్కలో కాశీయాత్ర లాంటిది. చలికాలంలో దక్షిణపు చలి తప్పించుకుని ఉత్తరాన బ్రూమ్, డార్విన్ వైపు పోతారు. ఎండలు ముదిరి అక్కడ తుపాన్ల కాలం మొదలయ్యేలోపు మళ్లీ దక్షిణానికి దిగుతారు. మధ్యలో తూర్పు నుంచి పడమరకో, పడమర నుంచి తూర్పుకో దాటాలంటే ఎక్కువమంది ఎంచుకునేది నల్లార్‌బోర్ దారినే.

ఫొటోల్లో కనిపించేది సూర్యాస్తమయం, మడత కుర్చీలు, రెండు గ్లాసులు. కనిపించనిది లెక్క. కారవాన్ జీవితమంతా కిలోలు, లీటర్లు, కిలోమీటర్ల మీద నడుస్తుంది.

ముందు కిలోల సంగతి. ప్రతి కారవాన్‌కీ ఖాళీ బరువు ఒకటి, సామానుతో కలిపి మించకూడని గరిష్ఠ బరువు ఒకటి ప్లేటు మీద చెక్కి ఉంటాయి. ఈ రెంటి మధ్య తేడా ఒక మాదిరి కారవాన్‌లో నాలుగైదు వందల కిలోలు మించదు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఒక లీటరు నీళ్లంటే ఒక కిలో. రెండు ట్యాంకులు నింపితే అక్కడే నూట అరవై, నూట ఎనభై కిలోలు పోయాయి. గ్యాస్ సిలిండర్లు, అదనపు బ్యాటరీ, ఎండకు వేసే పందిరి గుడ్డ, పనిముట్లు, దుప్పట్లు, వంట సామాను, ఆవిడ కుట్టుమిషన్, ఆయన చేపల గాలాలు... చూస్తుండగానే తడిసి మోపెడవుతుంది. బరువు మించితే పోలీసులు జరిమానా వేయొచ్చు, ప్రమాదం జరిగితే బీమా సంస్థ అడ్డం తిరగొచ్చు. అందుకే అనుభవజ్ఞులు బయల్దేరే ముందు బండిని తూకం వేయిస్తారు. ఆ కాగితం చేతికొచ్చాక ఏది దించాలన్న చర్చ మొదలవుతుంది. కుట్టుమిషనా, గాలాలా అన్నది ఏ మాన్యువల్లోనూ రాసి ఉండదు.

బరువెంత అన్నదానికంటే ఎక్కడ పెట్టారన్నది ఇంకా ముఖ్యం. మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు వెనక కారవాన్‌ను తగిలించే గుండు మీద పడాలన్నది అక్కడ అందరూ పాటించే లెక్క. బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కింద పెట్టాలి. కారవాన్ వెనక రెండు సైకిళ్లూ ఒక జనరేటరూ తగిలించారనుకోండి, గంటకు తొంభై దాటగానే కారవాన్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎదురుగా పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి తోపుకు ఆ ఊపు పెరిగి, కారునే ఈడ్చుకుపోయి బోల్తా కొట్టిస్తుంది. ఇలాంటి ప్రమాదాల వీడియోలు చూసినవాళ్లు మళ్లీ జన్మలో వెనక సైకిలు తగిలించరు. చట్టం కూడా గట్టిదే: 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, రెండు టన్నులు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, పైగా లంకె తెగిపోతే తనంతట తానే బ్రేకు పట్టే ఏర్పాటు ఉండాలి.

ఇక లీటర్లు. కారవాన్ తగిలించగానే కారు దాహం అమాంతం పెరుగుతుంది. ఉత్తప్పుడు వంద కిలోమీటర్లకు పది, పదకొండు లీటర్ల డీజిల్ తాగే పెద్ద బండి, బరువు లాగేటప్పుడు పదహారు నుంచి ఇరవై దాకా తాగుతుంది. పడమటి గాలి ఎదురొస్తే ఇంకొంచెం. రోడ్‌హౌస్‌లో డీజిల్ నగరాల్లో కంటే ఎప్పుడూ ప్రియమే. అక్కడికి చేరాలంటే అది కూడా ఇదే దారిన రావాలి కదా.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. నల్లార్‌బోర్ గురించి వినపడేంత భయం ఇప్పుడు అక్కర్లేదు. బంకుకూ బంకుకూ మధ్య అత్యధిక దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు: నార్స్‌మన్-బల్లడోనియా మధ్య సుమారు 190, నల్లార్‌బోర్ రోడ్‌హౌస్-సరిహద్దు మధ్య సుమారు 185. ట్యాంకు నిండా పోసుకున్న ఏ కారైనా దాటేస్తుంది. కరువల్లా నీటికే. భూగర్భంలో దొరికేది ఉప్పునీరు. రోడ్‌హౌస్‌లు దాన్ని శుద్ధి చేసి వాడుకుంటాయి. కారవాన్ ట్యాంకు నింపుకుంటామంటే చాలాచోట్ల కుదరదంటారు. స్నానానికి డబ్బు కట్టాలి. కాబట్టి సెడూనాలోనో నార్స్‌మన్‌లోనో పట్టుకున్న నీళ్లే నాలుగైదు రోజులు తిప్పుకోవాలి. రాయలసీమ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ పొదుపు కొత్తేం కాదు. కడిగిన నీళ్లతోనే మళ్లీ కడగడం, గిన్నెల్ని ముందు కాగితంతో తుడిచి తర్వాత నీళ్లలో ముంచడం కారవాన్‌లో అందరూ నేర్చుకుంటారు.

కిలోమీటర్ల లెక్క పొద్దుతో ముడిపడి ఉంటుంది. తెల్లవారుజామునా మునిమాపునా కంగారూలు రోడ్డెక్కుతాయి. వాంబాట్లు, ఈములు కూడా వస్తాయి. ఈ దారిలో ఒంటెల బొమ్మ ఉన్న హెచ్చరిక పలకలూ కనిపిస్తాయి. ఆ ఒంటెల వెనక మన ఉపఖండం కథ ఉంది. 1860ల నుంచి ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాలకు సరుకు మోయడానికి ఒంటెల్నీ, వాటితోపాటు పంజాబ్, సింధ్, బలూచిస్థాన్, ఆఫ్ఘనిస్థాన్ నుంచి ఒంటెలవాళ్లనూ తీసుకొచ్చారు. అందర్నీ కలిపి 'ఆఫ్ఘన్లు' అనేసేవారు. లారీలొచ్చాక ఒంటెలకు పని పోయింది, వదిలేశారు. అవి ఎడారిలో పెరిగి అడవి మందలయ్యాయి. ఒంటె కాళ్లు సన్నగా ఉంటాయి, ఒళ్లు మాత్రం కారు అద్దం ఎత్తున ఉంటుంది. చీకట్లో హెడ్‌లైట్లకు కాళ్లే అందుతాయి. అందుకే పొద్దు వాలకముందే బండి ఆపేయడం ఇక్కడ మంచి అలవాటు కాదు, నియమం. అద్దె బండ్ల ఒప్పందాల్లో చాలావాటిలో రాత్రి నడపకూడదని రాసే ఉంటుంది.

ఇంత లెక్క ఇద్దరే చూసుకోవాలి. పనుల పంపకం మెల్లగా తనంతట తానే స్థిరపడుతుంది. ఒకరు బయటి పని, అంటే లంకె తగిలించడం, జాకీలు, టైర్ల గాలి, గ్యాస్. ఇంకొకరు లోపలి పని, అంటే ప్రతి అరకీ గొళ్లెం పడిందా, పైకప్పు కిటికీ మూశారా, ఫ్రిజ్ బ్యాటరీకి మార్చారా. ఒక్క గొళ్లెం మరిస్తే వంద కిలోమీటర్ల తర్వాత నేల మీద పప్పు డబ్బా పగిలి ఉంటుంది. డ్రైవింగ్ ఇద్దరికీ రావాలి. ఎందుకంటే ఒకరికి జ్వరమొస్తే నడిరోడ్డు మీద ఇంకో డ్రైవర్ దొరకడు.

అసలు పరీక్ష మాత్రం వెనక్కి నడపడం. కారవాన్‌ని రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే కారవాన్ ఎడమకి పోతుంది. ఆయన డ్రైవింగ్ సీట్లో, ఆవిడ వెనక నిలబడి చేతులూపుతూ. చుట్టుపక్కల మడత కుర్చీల్లో కూర్చున్న అనుభవజ్ఞులందరూ టీ కప్పులు పట్టుకుని చూస్తుంటారు. అక్కడ అది సాయంత్రపు వినోదం. ఇంకొంచెం, ఇంకొంచెం అన్న మాటకు ఆవిడ ఉద్దేశం ఒకటి, ఆయనకు అర్థమైంది ఒకటి. ముప్ఫై ఏళ్ల కాపురంలో రాని మాటలు అక్కడొస్తాయి. చేతి సైగలు మానేసి చిన్న వాకీటాకీల్లో మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టిన జంటలు ఒడ్డునపడతాయి. మొత్తం యాత్రకు కావలసిన సామాన్లలో ఇంతకన్నా విలువైనది లేదేమో.

రేడియోకు ఇంకో పని కూడా ఉంది. రెండు రోడ్‌హౌస్‌ల మధ్య చాలా దూరం మొబైల్ సిగ్నల్ ఉండదు. కారులో బిగించిన యుహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ చానల్ లారీవాళ్లది, 18వది కారవాన్లవాళ్లు వాడుకునేది. వెనక నుంచి రోడ్ ట్రైన్ వస్తుంటే దాని డ్రైవర్ 40లో పిలుస్తాడు. రోడ్ ట్రైన్ అంటే ఒకే ఇంజను వెనక రెండు మూడు ట్రైలర్లు తగిలించుకున్న లారీ. ఉత్తరాది దారుల్లో కొన్ని 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. అది దాటిపోవాలంటే కారవాన్ యజమాని చేయాల్సింది వేగం పెంచడం కాదు, నిలకడగా పోతూ సమయం చూసి కాస్త తగ్గడం. దాటాక లారీ డ్రైవర్ ఒక మాట థాంక్స్ చెబుతాడు. ఆ రోజుకు బయటి మనిషితో మాట్లాడింది అదొక్కటే కావచ్చు.

ఇక సముద్రం వైపు. యలాటా అనే ఆదివాసుల నివాస ప్రాంతం దాటాక 'హెడ్ ఆఫ్ బైట్' అనే చోట తీరం లోపలికి వంపు తిరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సదరన్ రైట్ తిమింగలాలు అంటార్కిటికా వైపు నుంచి వచ్చి ఇక్కడ పిల్లల్ని కంటాయి. పడవ ఎక్కనక్కర్లేదు. గట్టు మీద చెక్క వంతెనపై నిలబడితే కాళ్ల కిందే తల్లీబిడ్డా తేలుతుంటాయి. నెమ్మదిగా ఈదడం, చంపితే తేలడం, ఒంటినిండా నూనె ఉండడం వల్ల ఈ జాతిని 19వ శతాబ్దంలో వేటగాళ్లు దాదాపు తుడిచిపెట్టేశారు. 1935లో అంతర్జాతీయ రక్షణ వచ్చాక మెల్లగా కోలుకుంటున్నాయి. ఈ చోటు యలాటా ఆదివాసుల భూమిలో ఉంది. అక్కణ్నుంచి పడమరకు బండా కొండచరియలు మొదలవుతాయి. అరవై నుంచి నూట ఇరవై మీటర్ల ఎత్తు, రెయిలింగు ఉండదు, అంచు కింద రాయి లోపలికి తొలిచేసి ఉంటుంది. కారవాన్‌ని అంచు దాకా తెచ్చి ఫొటో తీసుకునే సరదా ఇక్కడ ఒద్దు.

సరిహద్దు దాటగానే వచ్చే యూక్లా దగ్గర గడియారం కూడా వింతగా నడుస్తుంది. ఆ కొద్ది రోడ్‌హౌస్‌ల పరిధిలో పశ్చిమ ఆస్ట్రేలియా సమయానికి 45 నిమిషాలు కలుపుకుంటారు. చట్టంలో లేదు, కానీ హైవే పక్కన బోర్డు ఉంది. భారత కాలమానానికి అక్కడ మూడుంబావు గంటలు ముందు. యూక్లాలో 1877లో తంతి కార్యాలయం తెరిచారు. రెండు వైపులా వాడే మోర్స్ సంకేతాలు వేరు కావడంతో, ఒక గదిలో ఇద్దరు ఉద్యోగులు కూర్చుని ఒకరు రాసిన కాగితాన్ని ఇంకొకరు అందుకుని మళ్లీ కొట్టేవారట. తర్వాత కుందేళ్లు విపరీతంగా పెరిగి తీరంలోని గడ్డీ పొదలూ తినేశాయి. పట్టి ఉంచే వేళ్లు లేక ఇసుక కదిలింది. 1927లో మూతపడ్డ ఆ కార్యాలయం గోడలు ఇప్పుడు దిబ్బల్లోంచి ఒక ఏడాది ఎక్కువగా, ఒక ఏడాది తక్కువగా బయటికి కనిపిస్తుంటాయి.

1971 చివర్లో ఇదే యూక్లా ప్రపంచ పత్రికలకెక్కింది. కంగారూల మందతో కలిసి తిరిగే ఒక అర్ధనగ్న సుందరిని వేటగాళ్లు చూశారని కథనం, దానికో మసక ఫొటో. దేశదేశాల విలేకరులు దిగారు. కొన్నాళ్లకు అదంతా కట్టుకథ అని తేలింది. యూక్లాలో కొన్ని రాత్రులు గడిపినవాళ్లెవరూ దాన్ని అల్లినవాళ్లను తప్పుపట్టలేరు. అంతకంటే పెద్ద విడ్డూరం 1979 జులైలో ఆకాశం నుంచే పడింది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలి దాని ముక్కలు ఎస్పరెన్స్, బల్లడోనియా పరిసరాల్లో పడ్డాయి. ఎస్పరెన్స్ స్థానిక పాలక మండలి నాసాకు చెత్త వేసినందుకు 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. 2009లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందా పోగుచేసి తీర్చాడు. స్కైలాబ్ ఎక్కడ నెత్తిన పడుతుందోనని ఆ ఏడాది మన పల్లెలు కూడా వణికిపోవడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పడిన చోటు ఇదే.

కైగునా నుంచి బల్లడోనియా వైపు 146.6 కిలోమీటర్ల దాకా రోడ్డు ఒక్క వంపు తిరగదు. అందరూ 'తొంభై మైళ్ల తిన్నటి దారి' అంటారు. ఈ హైవేలో అక్కడక్కడా రోడ్డే రన్‌వే. తారు మీద అడ్డచారలు గీసి ఉంటాయి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే వాహనాలు ఆపి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానం అక్కడే దిగుతుంది. జాన్ ఫ్లిన్ అనే పాదిరి 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీలో ఒక అద్దె విమానంతో మొదలుపెట్టిన ఈ సేవ లేకపోతే, గుండెజబ్బు మాత్రలు సంచిలో పెట్టుకుని డెబ్భై ఏళ్లు దాటిన జంటలు ఇంత ధైర్యంగా ఇటువైపు వచ్చేవి కావు.

ఖాళీ అనిపించే ఈ నేల ఎన్నడూ ఖాళీ కాదు. తీరమంతా మిర్నింగ్ ప్రజలది. మైదానం కింద కూనాల్డా గుహ గోడల మీద వేళ్లతో గీసిన గీతలు ఇరవై వేల ఏళ్లకు పైబడినవి. 2022లో ఎవరో కంచె దాటి లోపలికెళ్లి వాటి మీద రాతలు గీకి పాడుచేశారు. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ ఈ తీరం వెంట నడిచి దాటాడని హైవేకు ఆయన పేరు పెట్టారు. కానీ ఇసుక దిబ్బల్లో ఎక్కడ తవ్వితే మంచినీళ్లొస్తాయో ఆయనకు చూపించింది ఇక్కడి ఆదివాసులు. ఆయన సహచరుడు బాక్స్టర్ దారిలో హత్యకు గురయ్యాక చివరిదాకా తోడు నడిచింది వైలీ అనే ఆదివాసీ యువకుడు. రోడ్డు పలకల మీద వైలీ పేరు వెతుక్కోవాలి.

ఉత్తరాన మైదానం అంచు దాటితే మారలింగా. 1956, 57ల్లో బ్రిటన్ అక్కడ ఏడు అణుబాంబులు పేల్చింది. చిన్న ప్రయోగాలు 1963 దాకా సాగాయి, నేలలో ప్లుటోనియం మిగిల్చాయి. అంతకుముందే, 1952లో ఊల్డియా మిషన్ మూసేసి అక్కడి ఆనంగు ప్రజల్ని దక్షిణాన యలాటాకు తరలించారు. ఎర్ర ఇసుక మనుషుల్ని బూడిద రంగు సున్నపు నేల మీదికి తెచ్చిపడేశారు. 1984లో చట్టం చేసి భూమి తిరిగిచ్చినా, శుభ్రం చేసే పని 2000 దాకా పట్టింది. ఇప్పుడు ఆ భూమి యజమానుల అనుమతితో మారలింగా గ్రామంలో కారవాన్ నిలుపుకుని, గైడు వెంట పేలుడు స్థలాలు చూసిరావచ్చు. హైవే మీద వచ్చే నూరు జంటల్లో ఎన్ని అటు తిరుగుతాయో గానీ, తిరగాల్సిన మలుపు అదే.

ఆ అణు ప్రయోగాల చుట్టుపక్కలే ఒక జంట కథ కూడా ఉంది. ఎడారిలో దారులు వేసిన సర్వేయర్ లెన్ బీడెల్. చిన్న బృందంతో 1955 నుంచి 1963 దాకా ఆరువేల కిలోమీటర్లకు పైగా మట్టిదారులు తీశాడు. అందులో ఒకదానికి భార్య పేరు పెట్టాడు: ఆన్ బీడెల్ హైవే. 1962లో ఇంకో దారి వేసేటప్పుడు ఆన్ నెలల పాపను ఎత్తుకుని ఆయనతోపాటే ఎడారిలోకి వెళ్లింది. ఆ దారి కూతురి పేరుతో కోనీ స్యూ హైవే అయింది. హైవే అన్నది పేరుకే. ఆన్ బీడెల్ దారి కూబర్ పీడీ నుంచి లావర్టన్ దాకా 1,300 కిలోమీటర్లకు పైగా గతుకులూ ఇసుకా, నడుమ ఇంధనం దొరికేది ఇల్కుర్ల్కా అనే ఒకే ఒక్క రోడ్‌హౌస్‌లో. కారవాన్‌తో అటు వెళ్లాలనుకోవడం బండినీ దాంపత్యాన్నీ కలిపి పందెం కాయడమే.

తారు దారికీ కోపం వస్తుంది. 2019 డిసెంబరులో నల్లార్‌బోర్ రోడ్‌హౌస్ దగ్గర 49.9 డిగ్రీల ఎండ కాసింది. ఆ నెలాఖరున నార్స్‌మన్ వైపు కార్చిచ్చులు లేచి ఎయిర్ హైవేను దాదాపు రెండు వారాలు మూసేశారు. కొత్త సంవత్సరం నాడు ఎంతోమంది రోడ్‌హౌస్‌ల ముందు కారవాన్లలో ఇరుక్కుపోయారు. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు, అక్టోబరు, ఇవీ పెద్దలు చెప్పే నెలలు. తిమింగలాలు కావాలంటే మాత్రం చలికాలంలోనే రావాలి.

మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్ నగరాల్లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడి నుంచి ఆర్నెల్లకు పిల్లల దగ్గరికెళ్లే అమ్మానాన్నలూ ఉన్నారు. వాళ్లకు కారవాన్ లాగడం కంటే, ఇల్లూ ఇంజనూ ఒకటే అయిన మోటార్‌హోమ్ అద్దెకు తీసుకోవడం సులువు. ఎడమ పక్కనే నడుపుతారు కాబట్టి చెయ్యి తిరుగుతుంది. ఒప్పందం మాత్రం చదవాలి: మట్టిదారి ఎక్కితే బీమా చెల్లదని చాలావాటిలో ఉంటుంది. అన్నం వండుకోవడానికి కుక్కర్ పెట్టుకోవచ్చు. పచ్చిమిర్చి, కరివేపాకు మాత్రం సరిహద్దు ఇవతలే వాడేయాలి.

యాత్ర ముగిసే నార్స్‌మన్ ఊరికి పేరు ఒక గుర్రం నుంచి వచ్చింది. 1894లో అది కాలితో నేల గీరితే బంగారు రాయి బయటపడిందట. ఊరి నడుమ దాని కంచు విగ్రహం, కూడలిలో రేకుతో చేసిన ఒంటెలు. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఉత్తరాన దాదాపు 190 కిలోమీటర్లు పోతే కల్గూర్లీ, దాని పెద్ద బంగారు గని. దక్షిణాన రెండు వందలు పోతే ఎస్పరెన్స్, తెల్లటి ఇసుక, ఆ ఇసుక మీద ఎండ కాచుకునే కంగారూలు. ఆయనకు గని చూడాలని, ఆవిడకు సముద్రమని, లేదా తిరగేసి. ఎటు వెళ్లాలో తేలేలోపు నీళ్ల ట్యాంకు నింపాలి, టాయిలెట్ డబ్బాను ఊళ్లోని డంప్ పాయింట్‌లో ఖాళీ చేయాలి. ఈసారి వంతు ఎవరిదన్నది తేలడానికే ఇంకాస్త సమయం పడుతుంది.